అమెరికా ‘లైఫ్ ఆన్ మార్స్’ ముగింపు: 17 ఎపిసోడ్ల నమ్మకం ఏమైపోయినట్టు? (స్పాయిలర్లు ఉన్నాయి)

గోడగడియారం
చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, ముగింపు మొత్తం విప్పేస్తున్నా.

బ్రిటన్ సీరియల్‌ని మళ్లీ తీసి 2008లో ఏబీసీ ఛానల్లో వేసిన అమెరికా వెర్షన్ గురించి. న్యూయార్క్ డిటెక్టివ్ సామ్ టైలర్‌ని కారు గుద్దేస్తుంది. కళ్లు తెరిస్తే 1973. తలెత్తి చూస్తే ట్విన్ టవర్స్ చెక్కుచెదరకుండా నిలబడి ఉంటాయి. ఆ ఒక్క షాట్‌తో నేను పడిపోయా. 125వ ప్రిసింక్ట్ అనే పోలీసు స్టేషన్, అక్కడ బాస్ జీన్ హంట్‌గా హార్వీ కైటెల్, నోటిదురుసు రే కార్లింగ్‌గా మైకేల్ ఇంపీరియోలి. వారానికో కేసు, దాని వెనకాల తెగని ప్రశ్న: ఇతను కోమాలో ఉన్నాడా, పిచ్చెక్కిందా, నిజంగానే వెనక్కి పోయాడా?

చివరికి తేల్చిందేమిటంటే ఇదంతా 2035లో అంగారకుడికి వెళ్తున్న అంతరిక్ష నౌకలో ఒక వ్యోమగామి కల! ప్రయాణంలో నిద్రపుచ్చి కోరుకున్న కల చూపించే యంత్రం ఉందట. 2008 నాటి పోలీసు కల కావాలంటే, ఉల్కల దెబ్బకు యంత్రం గాడి తప్పి 1973 చూపించిందట. స్టేషన్లో మనం ఇష్టపడ్డవాళ్లంతా తోటి సిబ్బంది. అంటే ఆ కేసుల్లో చచ్చిపోయినవాళ్లు, సామ్ వెతుక్కుంటూ వెళ్లిన తల్లిదండ్రులు, స్టేషన్లో తోటి పోలీసు ఆనీతో ఆ మాటలు, ఏదీ జరగలేదు.

ఇంకొకళ్ల కథ హక్కులు కొనుక్కుని ముగింపుని ఇంతలా మార్చేయొచ్చా? ఇంకో దేశం వాళ్లెవరైనా దీన్ని బాగా తీశారా? చెప్పండి.

సబ్‌టైటిల్_సుబ్బు
బ్రిటన్‌ది చూశాక ఇది చూశారా, ఇదే ముందు చూశారా? దాన్నిబట్టే కోపం ఎంతో తెలుస్తుంది.

గోడగడియారం
ఇదే ముందు. బ్రిటన్‌ది మొదలుపెట్టా, రెండు ఎపిసోడ్లయ్యాయి. దాని ముగింపు చెప్పినా పర్వాలేదు, నాకు కథకంటే ఎలా చెప్పారన్నదే ముఖ్యం.

వెన్నెలవాగు
కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. నేనైతే ఆ ఎపిసోడ్ అయ్యాక టీవీ కట్టేసి చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

మాంచెస్టర్_మబ్బు
చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నా. బీబీసీలో 2006, 2007ల్లో ఎనిమిదేసి చొప్పున 16 ఎపిసోడ్లు. సామ్‌గా జాన్ సిమ్, జీన్ హంట్‌గా ఫిలిప్ గ్లెనిస్టర్. కథ మాంచెస్టర్‌లో.

చివర్లో సామ్‌కి 2006లో మెలకువ వస్తుంది. అప్పటికి 1973లో తన టీమ్ రైలు సొరంగంలో తుపాకుల ముందు చిక్కుకుని ఉంటుంది, వాళ్లని అలా వదిలేసి వచ్చేస్తాడన్నమాట. ఇన్ని ఎపిసోడ్లుగా ఇంటికి పోవాలి పోవాలి అని కొట్టుకున్నవాడు ఇల్లు చేరాడు కదా, సంతోషించాలి కదా. ఆఫీసులో మీటింగ్‌లో కూర్చుంటే చెయ్యి తెగి రక్తం వస్తున్నా అతనికి తెలియదు. అంతకుముందు 1973లో బార్ నడిపే నెల్సన్ ఒక మాట అంటాడు, బతికి ఉన్నావో లేదో నీకు తెలిసేది స్పర్శని బట్టే అని. అది గుర్తొస్తుంది. అమ్మతో మాట్లాడతాడు. తర్వాత మేడెక్కి నవ్వుతూ పరుగెత్తి దూకేస్తాడు. మళ్లీ 1973, సొరంగం, స్నేహితులు.

అంటే అది నిజమైన లోకమా కాదా అన్న ప్రశ్నకి జవాబు దొరకదు. సామ్ మాత్రం ఎంచుకున్నాడు. ఎంచుకోవడం అతని చేతుల్లో ఉంది. అమెరికా వెర్షన్లో పోయింది ఇదే. అక్కడ యంత్రం పాడైంది, మళ్లీ బాగైంది, ఇతను లేచాడు. ఇతను చేసిందేమీ లేదు. గోడగడియారం గారి కోపానికి అసలు కారణం అంగారకుడు కాదనీ, ఇదేననీ నా నమ్మకం.

గోడగడియారం
నేను చెప్పలేక తిప్పలు పడుతున్నది ఇదే. అవును.

ఎర్రపెన్ను
ఒక్క నిమిషం. అందరూ ఒకవైపే లాగుతున్నారు, నేను అమెరికా వెర్షన్ తరఫున మాట్లాడతా.

ముందు, ముగింపు గాల్లోంచి ఊడిపడలేదు. సామ్ వెంటపడే ఆ చిన్న చిన్న రోవర్ల లాంటి యంత్రాలు మొదటి ఎపిసోడ్లలోనే ఉన్నాయి. పక్కింటి అమ్మాయి విండీ ఎప్పుడు పడితే అప్పుడు ఎందుకు ప్రత్యక్షమవుతుందో చివర్లో తెలుస్తుంది, ఆమె నౌకలోని కంప్యూటర్. ఇంకోటి, షో ఆపేస్తున్నామని ఛానల్ 2009 మార్చిలోనే చెప్పేసింది, ఏప్రిల్ 1న చివరి ఎపిసోడ్ వచ్చింది. ఆ రోజుల్లో ఎన్ని అమెరికన్ సీరియళ్లు కథ మధ్యలో తెగిపోయాయో లెక్కలేదు. వీళ్లకి కనీసం ముగించుకునే వీలు దొరికింది, ముగించారు. నేను దాన్ని గౌరవిస్తా.

అదీగాక ఆనీ సంగతి ఎవరూ ఎత్తరేం? 1973 స్టేషన్లో ఆమెని ఎవరూ లెక్కచెయ్యరు. 2035 నౌకలో ఆమే అందరికీ పై అధికారి. సామ్ కల ఆమెని ఎక్కడ పెట్టిందో, మెలకువ ఎక్కడ పెట్టిందో పక్కపక్కన పెట్టి చూడండి. అది ఆలోచించి రాసిందే.

వెన్నెలవాగు
ఆనీ పాయింట్ బావుంది ఎర్రపెన్నూ. కానీ మనకి తెలిసిన ఆనీ, స్టేషన్లో రోజూ మాటలు పడుతూ నిలబడిన మనిషి, ఆమె లేకుండా పోయింది కదా. కల్నల్ గారెవరో నాకు తెలియదు. ఆమె కోసం నేను ఏడవలేను.

రాత్రి_ప్యాట్రోల్
ఎర్రపెన్ను అన్నదాంట్లో ఇంకో సంగతి కలుపుతా. న్యూయార్క్ పోలీసు శాఖలో ఆడవాళ్లకి ‘పోలీస్‌వుమన్’, మగవాళ్లకి ‘పెట్రోల్‌మన్’ అనే వేర్వేరు హోదాలు తీసేసి అందరినీ ‘పోలీస్ ఆఫీసర్’ చేసింది సరిగ్గా 1973లోనే. అంటే ఆనీ నిలబడి ఉన్న గడప అదే. ఆ ఏడాదిని ఊరికే బ్రిటన్ నుంచి కాపీ కొట్టినట్టు కనిపిస్తుంది గానీ న్యూయార్క్‌కి కూడా అది బరువైన ఏడాదే. టవర్ల ప్రారంభోత్సవం 1973 ఏప్రిల్‌లో. పోలీసుల లంచాల మీద న్యాప్ కమిషన్ విచారణ అప్పుడే ముగిసింది. ఫ్రాంక్ సెర్పికో అనే పోలీసు సొంత శాఖ అవినీతిని బయటపెట్టి, 1971లో డ్యూటీలో ముఖానికి తూటా తగిలి బతికి బయటపడ్డాడు. ఆ నేపథ్యం మీద 17 కాదు, 70 ఎపిసోడ్లు తియ్యొచ్చు. వీళ్లు దాన్ని పైపైన తాకి వదిలేశారు. నా బాధ అది.

లాయరమ్మ
ముగింపు గొడవ పక్కనబెట్టి ఒకటి అడుగుతా. అసలు ఈ కథకి సంవత్సరం ఎంచుకోవడమే సగం పని కదా? కాలంలో వెనక్కి పోయిన పోలీసుకి ఎదురయ్యే పెద్ద చిక్కు సెల్‌ఫోన్ లేకపోవడం కాదు, చట్టం లేకపోవడం.

ఇంగ్లండ్‌లో ముద్దాయిని స్టేషన్లో ఎలా ప్రశ్నించాలి, ఎంతసేపు ఉంచొచ్చు, లాయర్ని ఎప్పుడు పిలవాలి అన్నది గట్టిగా రాసిపెట్టిన చట్టం 1984లో వచ్చింది, పోలీస్ అండ్ క్రిమినల్ ఎవిడెన్స్ యాక్ట్. అంతకుముందు ఉన్నవి జడ్జీల నియమాలు. పోలీసు పాటించకపోయినా పెద్దగా జరిగేదేమీ లేదు. టేపు రికార్డింగు లేదు. గదిలో ఏం జరిగిందో పోలీసు రాసిందే వేదం. దాని ఫలితం చూడండి: 1974 గిల్డ్‌ఫర్డ్ బాంబు పేలుళ్ల కేసులో నలుగురికి ఒప్పుకోలు వాంగ్మూలాల మీద శిక్ష పడింది, 1989లో కొట్టేశారు. బర్మింగ్‌హామ్ బాంబుల కేసులో ఆరుగురికి 1975లో శిక్ష పడింది, 1991లో కొట్టేశారు. మొత్తం పది మంది, పద్నాలుగు పదహారేళ్లు లోపల.

అంటే 2006 నుంచి 1973కి పోయిన సామ్‌కి, ఈ గదిలో ఈ పద్ధతిలో తీసుకునే సంతకం రేపు ఏమవుతుందో తెలుసు. జీన్ హంట్‌కి తెలియదు. ఇద్దరూ బల్లకి చెరోవైపు నిలబడి అరుచుకుంటుంటే నాకు వినపడేది అదే. స్టేషన్లో ఖైదీ చనిపోయాక సామ్ తన తోటివాళ్లనే కూర్చోబెట్టి ప్రశ్నించే ఎపిసోడ్ (మొదటి సిరీస్, ఏడోది) ఉంది. గోడగడియారం గారూ, దాన్ని మాత్రం మధ్యలో ఆపకుండా చూడండి.

అమెరికాలో సంగతి వేరు. పట్టుకున్నవాడికి ప్రశ్నించే ముందే అతని హక్కులు చదివి వినిపించాలన్న మిరాండా తీర్పు 1966లోనే వచ్చేసింది. 1973 న్యూయార్క్ పోలీసుకి హక్కులు చదవాలని తెలుసు, తెలిసీ చదవడు. తెలియకపోవడం ఒక కథ, తెలిసీ చెయ్యకపోవడం ఇంకో కథ. ఆ రెండోదాన్ని రాయాల్సిన చోట వీళ్లు మొదటిదాన్నే మక్కీకి మక్కీ దించారు. నా లెక్కలో అమెరికా వెర్షన్ తప్పింది మొదట్లోనే, చివర్లో కాదు.

మాంచెస్టర్_మబ్బు
ఇది చదివి ఆ ఏడో ఎపిసోడ్ మళ్లీ పెట్టా. పూర్తిగా వేరేగా కనిపించింది.

ఎర్రపెన్ను
లాయరమ్మ గారూ, వాదన ఒప్పుకుంటా. అయినా మొదటి ఎపిసోడ్లని పక్కపక్కన పెట్టి చూస్తేనే అది కనిపిస్తుంది. తర్వాత్తర్వాత అమెరికా వాళ్లు సొంత కథలు చాలా రాసుకున్నారు. ఇంకోటి, ఇదే టీమ్ ముందు అనుకున్న పైలట్ (నమూనా ఎపిసోడ్) లాస్ ఏంజెలెస్‌లో జరిగేది, జీన్ హంట్‌గా కోల్మ్ మీనీ. అది పక్కన పడేసి, ఊరు మార్చి, సామ్ తప్ప మిగతా నటుల్ని దాదాపుగా మార్చేసి మళ్లీ తీశారు. అన్ని చేతులు మారాక ఈ మాత్రం నిలబడటమే గొప్ప.

రాత్రి_ప్యాట్రోల్
“ఇదే టీమ్” అనకు తమ్ముడూ. ఆ పైలట్ డేవిడ్ ఇ. కెల్లీది. ఆయన తప్పుకున్నాక షో వేరేవాళ్ల చేతికొచ్చింది.

సబ్‌టైటిల్_సుబ్బు
కైటెల్ గురించి ఎవరూ మాట్లాడరేంటి? నాకు ఆయనే షో.

వెన్నెలవాగు
ఆయనంటే నాకూ గౌరవమే, కానీ జీన్ హంట్‌కి సరిపోలేదు. గ్లెనిస్టర్ అప్పటికి నలభై దాటినవాడు. సామ్‌కి పెద్దన్నలాగా ఉంటాడు, కొట్టుకుంటారు, మళ్లీ కలిసి తాగుతారు. కైటెల్‌కి 69. అంత పెద్దాయనతో సామ్ కలబడితే చూడబుద్ధి కాదు. ఎప్పుడూ తండ్రి ముందు నిలబడ్డ కొడుకులాగే ఉంటాడు.

ఎర్రపెన్ను
కదా! చివర్లో నౌకలో ఆయన నిజంగా సామ్ తండ్రే అని తేలుతుంది. మేజర్ టామ్ టైలర్. మీరు తప్పు పట్టినదాన్నే వాళ్లు కథ చేశారు.

వెన్నెలవాగు
…సరే, ఇది నాకు తట్టలేదు. ముగింపు మీద నా కోపం మాత్రం తగ్గలేదు.

పాతక్యాసెట్
ఇంతసేపూ కొరియా పేరు ఎవరైనా ఎత్తుతారేమో అని చూస్తున్నా. 2018లో ఓసీఎన్ ఛానల్లో వచ్చిన ‘లైఫ్ ఆన్ మార్స్’, 16 ఎపిసోడ్లు. గోడగడియారం అడిగిన రెండో ప్రశ్నకి నా జవాబు ఇదే.

హాన్ టే-జు (జంగ్ క్యుంగ్-హో) సియోల్‌లో ఫోరెన్సిక్ ఆధారాలు తప్ప దేన్నీ నమ్మని పోలీసు. 2018లో ఆడవాళ్లని చంపుతున్న హంతకుడి వెనక పడి 1988లో తేలతాడు. ఇన్‌సంగ్ అనే కల్పిత పట్టణం. అక్కడ కాంగ్ డాంగ్-చుల్ (పార్క్ సుంగ్-ఉంగ్), ఆయన ముఠా లాంటి టీమ్.

1988 ఎందుకన్నది చెప్పాలి. ఆ సెప్టెంబర్‌లో సియోల్ ఒలింపిక్స్. దేశం మొత్తం ప్రపంచానికి ముస్తాబై కనపడాలని తహతహలాడుతున్న ఏడాది. దానికి ముందు ఏడాదే, 1987 జనవరిలో, ఒక విద్యార్థిని పోలీసులు విచారణలో హింసించి చంపేశారు. బల్ల మీద గట్టిగా కొట్టేసరికి చచ్చిపోయాడని పోలీసులు ప్రకటించారు. ఆ అబద్ధం బయటపడ్డాకే ఆ జూన్‌లో జనం వీధుల్లోకొచ్చారు, దేశాధ్యక్షుణ్ణి నేరుగా ఎన్నుకునే హక్కు సాధించారు. ఇదంతా సీరియల్లో ఎవరూ కూర్చుని పాఠం చెప్పరు. కానీ డాంగ్-చుల్ ఒకణ్ణి గదిలోకి ఈడ్చుకుపోతుంటే, చూస్తున్న కొరియా వాళ్లకి ఆ గది ఏమిటో తెలుసు. టే-జు అడ్డం పడటానికి బరువు అక్కణ్ణుంచి వస్తుంది.

ఇందాక లాయరమ్మ గారన్నది వీళ్లు చేసి చూపించారు. బ్రిటన్ కథని దించలేదు. అలాంటి గాయం మన దగ్గర ఏ ఏడాది ఉందని వెతికి, అక్కడ పెట్టారు.

గోడగడియారం
ముగింపు? అదీ మార్చారా?

పాతక్యాసెట్
మూలం ఉంచారు. మేలుకుంటాడు, ఇమడలేడు, మేడ మీంచి దూకి వెనక్కి పోతాడు. కానీ వెనక్కి పోయే సరికి మనకి ఆ టీమ్ అంటే ప్రాణం. బ్రిటన్‌లో సామ్ దూకితే గుండె ఆగింది. ఇక్కడ “వెళ్లు, వెళ్లు” అని నేనే అరిచా.

ఎర్రపెన్ను
ఒకటి చెప్పనా, ఆ దూకడం నాకు బ్రిటన్‌లోనూ కొరియాలోనూ ఇబ్బందే. మనిషి మేడ మీంచి దూకితే దాన్ని సంతోషంగా చూపించడం ఏమిటి? అమెరికా వాళ్లు ఆ దారి పట్టలేదు. మీరంతా ఎంపిక, ఎంపిక అంటున్నారు గానీ ఆ ఎంపికకి ఇంకో పేరుంది.

ఐసీయూ_సిస్టర్
ఎర్రపెన్ను మాటని కొట్టిపారెయ్యకండి. నేను న్యూరో వార్డులో పనిచేస్తా. మంచం పక్కన కూర్చుని రోజూ మాట్లాడే తల్లుల్ని చూస్తుంటా. లేచి వచ్చిన కొడుకు మేడ ఎక్కి దూకాడంటే ఆ తల్లి సంగతేంటి అన్నదే నాకు ముందొచ్చే ఆలోచన. ఆ సీన్ నేను పూర్తిగా చూడలేదు, ఫార్వర్డ్ చేసేశా.

కోమా గురించి కూడా ఒక ముక్క. సీరియల్లో సామ్‌కి టీవీలోంచి, ఫోన్లోంచి డాక్టర్ల మాటలు వినిపిస్తుంటాయి. అసలైన గాఢ కోమాలో నిద్ర, మెలకువ అనే చక్రమే ఉండదు. అది చాలామందిలో కొన్ని వారాలకి మించి ఉండదు కూడా. ఆ తర్వాత లేస్తారు, లేదా చనిపోతారు, లేదా కళ్లు తెరిచి ఉన్నా స్పందన లేని స్థితిలోకి పోతారు. ఆ స్థితిలో ఉన్నవాళ్లకి లోపల ఏమీ ఉండదనే వైద్యులు అనుకునేవారు. 2006లో, ఈ సీరియల్ మొదలైన ఏడాదే, ఏడ్రియన్ ఓవెన్ బృందం ‘సైన్స్’ పత్రికలో ఒక కేసు ప్రచురించింది. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిని అలా పడి ఉన్న 23 ఏళ్ల అమ్మాయి. స్కానర్లో పెట్టి “టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో” అన్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఊహించుకుంటే మెదడులో ఎక్కడ కదలిక వస్తుందో ఆమెకీ సరిగ్గా అక్కడే వచ్చింది. “మీ ఇంట్లో గదుల్లో తిరుగుతున్నట్టు ఊహించుకో” అంటే ఇంకో చోట. లోపల మనిషి ఉంది, వింటోంది.

అది చదివాక నేను ఎవరి మంచం పక్కనా నోరుజారలేదు. సామ్‌కి వినిపించే ఆ గొంతులు నాకు ఫాంటసీలా ఎప్పుడూ అనిపించవు.

మాంచెస్టర్_మబ్బు
సిస్టర్ గారూ, ఈ పోస్టు దాచుకుంటున్నా.

పాతక్యాసెట్
ఎర్రపెన్నుకి: నువ్వన్నది నిజమే, ఆ సీన్ అందరికీ కాదు. కాకపోతే కథ దాన్ని చావుగా రాయలేదని నా ఉద్దేశం. బ్రిటన్ సీక్వెల్‌లో మాత్రం ఆ ప్రశ్నకి నేరుగా జవాబు చెప్పారు.

సబ్‌టైటిల్_సుబ్బు
‘యాషెస్ టు యాషెస్’ (2008–2010). అది చూడనివాళ్లు ఈ పోస్టు దాటెయ్యండి. అందులో తేలేదేమిటంటే, ఆ లోకం పోలీసుల కోసమే ఉన్న మధ్యలోకం. చనిపోయినవాళ్లు, చావుబతుకుల్లో ఉన్నవాళ్లు అక్కడికొస్తారు. జీన్ హంట్ కూడా 1953లో, రాణి పట్టాభిషేకం రోజున, కుర్ర కానిస్టేబుల్‌గా ఉండగా కాల్పుల్లో చనిపోయినవాడే. వచ్చినవాళ్లని ఒక్కొక్కరినీ దాటించడమే ఆయన పని. తనెవరో తనే మర్చిపోయాడు. ఆ ఎపిసోడ్ చూస్తుంటే నాకు కళ్లు ఆగలేదు.

రాత్రి_ప్యాట్రోల్
నాకు ఆ జవాబు అవసరం లేదనిపించింది. తెలియకుండా ఉంచితేనే సామ్ దూకడానికి విలువ. కానీ జీన్ హంట్ సమాధి దగ్గర గ్లెనిస్టర్ నటించిన తీరుకి నమస్కారం.

లాయరమ్మ
కొరియా వెర్షన్ గురించి ఒకటి చెప్పకపోతే మనసొప్పదు. హ్వాసంగ్ హత్యలు విన్నారా? 1986 నుంచి 1991 దాకా పది హత్యలు, దొరకని హంతకుడు. ఆ దేశంలో 80ల నేరకథ ఏది తీసినా వెనకాల ఆ నీడ ఉంటుంది. సీరియల్ 2018లో వచ్చింది. మరుసటి ఏడాది, 2019లో, దాచిపెట్టిన ఆధారాల మీద డీఎన్‌ఏ పరీక్ష చేస్తే అసలు మనిషి దొరికాడు. అప్పటికే ఇంకో హత్యకేసులో జైల్లో ఉన్నాడు.

ఇక అసలు సంగతి. ఆ హత్యల్లో ఎనిమిదోది 1988లో జరిగింది. దానికి పోలీసులు వేరే ఒకతన్ని పట్టుకుని ఒప్పుకోలు రాయించారు. నిద్రపోనివ్వకుండా, కొట్టి రాయించారని అతను అప్పీలు నుంచీ చెప్తూనే ఉన్నాడు. దాదాపు 20 ఏళ్లు జైల్లో ఉన్నాడు. 2020 డిసెంబర్‌లో కోర్టు నిర్దోషి అంది. టే-జు 1988లో దిగి అడ్డుపడుతున్నది సరిగ్గా ఇలాంటి గదికే. రాసినవాళ్లకి ఆ తీర్పు వస్తుందని తెలిసే వీలు లేదు. ఇప్పుడు ఆ సీరియల్ చూస్తే నాకు ఆ మనిషే కళ్ల ముందుంటాడు. జీన్ హంట్‌ని, డాంగ్-చుల్‌ని ముద్దు చేస్తూ “ఆ రోజుల్లో పోలీసంటే పోలీసు” అని మురిసిపోయే పోస్టులు చూస్తే నాకు ఒళ్లు మండేది అందుకే.

సబ్‌టైటిల్_సుబ్బు
లాయరమ్మ గారూ, జీన్ హంట్ అంటే నాకూ ఇష్టమే. ఇష్టపడటం తప్పంటారా?

లాయరమ్మ
తప్పనడం లేదు సుబ్బు గారూ. ఆ పాత్ర ఇష్టం కలిగేలాగే రాశారు, నాకూ నచ్చుతాడు. అతను చేసే పని నచ్చకూడదు. ఆ రెండూ ఒకేసారి అనిపించేలా చేసిన ఎపిసోడ్లే గొప్పవి. అమెరికా వెర్షన్లో నాకు మొదటిదే అనిపించింది.

మాడ్రిడ్_మేడ
స్పెయిన్‌ది చూసినవాళ్లు లేరా? ‘లా చీకా దె అయేర్’, 2009, ఆంటెనా 3 ఛానల్, ఎనిమిదే ఎపిసోడ్లు. సామ్ అక్కడ సామ్యుయెల్ సాంతోస్ (ఎర్నెస్తో ఆల్తేరియో), వెళ్లేది 1977 మాడ్రిడ్‌కి. పాతక్యాసెట్ చెప్పిన “ఏ ఏడాది” లెక్కలో దీనికి తిరుగులేదు. ఫ్రాంకో పోయింది 1975 నవంబర్‌లో, 41 ఏళ్ల తర్వాత స్వేచ్ఛగా ఎన్నికలు జరిగింది 1977 జూన్‌లో. నియంత పోయాడు, అతని పోలీసులు మాత్రం అదే కుర్చీల్లో ఉన్నారు. పెళ్లయిన స్త్రీ పరాయి మగాడితో ఉంటే జైలు, విడాకులకి 1981 దాకా చట్టమే లేదు. ఇంత సరంజామా చేతిలో పెట్టుకుని ఎనిమిది ఎపిసోడ్లకే ఆపేశారు. పేరు పెట్టుకున్న పాట 1980లో వచ్చింది, కథేమో 1977. అది నన్ను చూసినంతసేపూ గుచ్చింది.

వెన్నెలవాగు
పాట మూడేళ్లు ముందే వినపడితే ఏమైంది, మనిషే ముప్ఫై ఏళ్లు వెనక్కి పోతుంటే :)

మాడ్రిడ్_మేడ
హహ, మనిషిని క్షమిస్తా, పాటని క్షమించను.

రాత్రి_ప్యాట్రోల్
రష్యాది నా ఓటు. ‘అబ్రాత్నయా స్తరనా లునీ’, 2012, 16 ఎపిసోడ్లు. మాస్కో పోలీసు మిఖాయిల్ సొలొవ్యోవ్ 2011 నుంచి 1979కి పోతాడు, అదీ తన సొంత తండ్రి శరీరంలోకి! అద్దంలో చూసుకుంటే నాన్న మొహం. ఇంట్లో అమ్మ, పక్కన చిన్నప్పటి తనే. బ్రిటన్ సామ్ తండ్రిని బయటి నుంచి చూసి పోలుస్తాడు, ఇతనేమో ఆ తండ్రి బతుకే బతకాలి. మూలాన్ని మార్చాలంటే ఇలా మార్చాలి. ఉన్న నొప్పినే ఇంకాస్త లోతుకి తీసుకుపోయారు.

గోడగడియారం
ఇది విని నిజంగా చూడాలనిపిస్తోంది. సబ్‌టైటిల్స్ దొరుకుతాయా?

రాత్రి_ప్యాట్రోల్
నేను భాష నేర్చుకుంటూ చూశా అన్నా, సబ్‌టైటిల్స్ జోలికి పోలేదు. సుబ్బు గారికి తెలియాలి, పేరులోనే ఉంది.

సబ్‌టైటిల్_సుబ్బు
వెతికి చెప్తా. చెక్ వాళ్లది కూడా ఉంది, ‘స్వెత్ పోద్ హ్లావోవ్’, 2017, కథ 1982లో. దాని గురించి ఇంకో రోజు.

ఎర్రపెన్ను
ఇన్ని విన్నాక కూడా నా మాట మారలేదు. స్పెయిన్, రష్యా, కొరియా వాళ్లకి నియంతలు, రహస్య గదులు ఉన్నాయి, సంవత్సరం ఎంచుకోగానే కథ సగం రాసుకుపోయింది. అమెరికా వాళ్లు ముందుకి చూసే జనం, వెనక్కి పోయిన మనిషిని కూడా చివరికి అంగారకుడి మీద దింపారు. జీన్ హంట్ తెల్ల బూటు ఆ ఎర్రమట్టి మీద పడే చివరి షాట్ నాకు ఇప్పటికీ ఇష్టం. మీకు నచ్చకపోవచ్చు, అది వాళ్ల దేశపు ముగింపే.

రాత్రి_ప్యాట్రోల్
అమెరికాకి రహస్య గదులు లేవా? న్యాప్ కమిషన్ గురించి ఇందాకే రాశా కదా తమ్ముడూ. ఉన్నాయి. తలుపు తియ్యబుద్ధి కాలేదు, పైకి ఎగిరిపోయారు.

ఎర్రపెన్ను
అది మీ అభిప్రాయం అన్నా. నేను వదలను.

గోడగడియారం
బ్రిటన్‌ది ఏడో ఎపిసోడ్ దాకా చూశా, లాయరమ్మ గారు చెప్పింది కళ్లారా కనపడింది. దీని తర్వాత కొరియాది. సిస్టర్ గారూ, కొరియా చివరి ఎపిసోడ్‌లో కూడా ఆ మేడ సీన్ ఉందిగా. మీరు ఎప్పుడైనా చూడాలనుకుంటే ముందుగా చెప్పండి, ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో నిమిషాలతో సహా ఇక్కడ రాసి పెడతా.

ఐసీయూ_సిస్టర్
రాసి పెట్టండి. వచ్చే వారం నైట్లు లేవు, మొదలుపెడతా.